పక్షిరాజు పేర్లు

మన భాషలో గ్రద్ద అను మాటకు విశాలమైన అర్థమున్నది. ఊరి చివర తాటిచెట్టుమీద కూర్చుండి కోడిపిల్లలకొరకు పొంచి చూచునది గ్రద్ద. చెరువులో చేపను తన్నుకొని పోవునది గ్రద్ద. పొలము గట్టున పామును పట్టి ఆకాశమునకు ఎత్తునది కూడ గ్రద్దయే. పెరటిలో కోడిపెట్ట నేలపై కదలిన నీడను చూచి పిల్లలను రెక్కల క్రిందికి పిలుచుకొనుట మనమందరము ఎరిగిన దృశ్యము. పురాణములను తెరచి చూచితిమా, తల్లి దాస్యమును తీర్చుటకై అమృతభాండమును తెచ్చిన గరుత్మంతుడు కనబడతాడు. విష్ణ్వాలయములో స్వామికి ఎదురుగా చేతులు జోడించి నిలిచినది ఆయనయే. ఇట్లు ఒకే పక్షిని మనము పెరటిలో దొంగగాను, గుడిలో దేవుని వాహనముగాను చూచుటకు అలవాటు పడినాము.

ఈ రెండు చూపులు మనకు మాత్రమే పరిమితమైనవి కావు. మన తూర్పు సముద్రమునకు ఎంతో ఆవల, దక్షిణ చైనా సముద్రమునకును పసిఫిక్ మహాసముద్రమునకును మధ్య పరచుకొనియున్న ఫిలిప్పీన్ దీవులలో ఒక మహాపక్షి నివసిస్తున్నది. పండితలోకమునకు అది తెలిసివచ్చినది 1896లో. ఆనాటినుండి నేటివరకు మనుష్యులు దానికి ఎన్నో పేర్లు పెట్టినారు. పెట్టిన వానిని మార్చినారు. ఆ పేర్లను ఒక వరుసలో ఉంచి చూచినచో, ఒక అడవిపక్షిని గూర్చి మనుష్యుని భావము ఎట్లు మారుతూ వచ్చినదో తెలుస్తుంది. పేరు మారినంత మాత్రమున పక్షి బ్రతుకు మారినదా అను ప్రశ్న కూడ ఆ వరుసలోనే ఎదురవుతుంది. దానికి సమాధానము వెదకుటయే ఈ ప్రసంగములో మేము తలపెట్టిన పని.

ముందుగా అడవి గ్రద్దల తీరును కొంచెము తెలిసికొందము. మైదానములమీదను, కొండ శిఖరములమీదను విహరించు గ్రద్దలకు పొడవైన రెక్కలు ఉంటవి. అవి పైకిలేచు వేడిగాలి ఆధారముతో, రెక్క ఆడింపకయే చాలసేపు తేలుతూ, క్రింద విశాలమైన నేలను పరిశీలిస్తవి. ఉష్ణమండలపు దట్టమైన అడవులలో ఈ విద్య అంతగా పనికిరాదు. అక్కడ పైనుండి చూచినచో ఆకుల కప్పు తప్ప మరేమియు కనబడదు. వేట అంతయు ఆ కప్పు క్రిందనే, కొమ్మల నడుమనే జరుగవలె. అందువలన అడవి గ్రద్దల రెక్కలు పొట్టివై వెడల్పుగా ఉంటవి. తోక పొడవుగా ఉండి, పడవకు చుక్కాని వలె, మలుపు తిరుగుటకు ఉపకరిస్తుంది. మధ్య, దక్షిణ అమెరికా అడవులలోని హార్పీ గ్రద్ద, ఆఫ్రికాలోని కిరీటపు గ్రద్ద, ఫిలిప్పీన్ దీవుల గ్రద్ద, ఈ మూడును ఇట్టి వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనవి. మూడును చాల నెమ్మదిగా సంతానమును వృద్ధిచేసికొనునవే. ఈ చివరి మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలసినదిగా కోరుతున్నాము. ముందు దానితో పని పడుతుంది.

ఫిలిప్పీన్ గ్రద్ద ముక్కు కొననుండి తోక చివరవరకు సుమారు 1 మీటరు పొడవుంటుంది. రెక్కలు చాచినచో ఇంచుమించు 2 మీటర్లు. బరువు 5 మొదలు 8 కిలోగ్రాములవరకు. ఆడపక్షి మగపక్షికన్న పెద్దది. వీపు ముదురు గోధుమరంగు, రొమ్ము తెలుపు. తల వెనుక పొడవైన సన్నని ఈకలు కుచ్చువలె ఉండి, పక్షి ఉలికిపడినప్పుడు జూలు వలె నిక్కి నిలుస్తవి. కన్నులు నీలము కలసిన బూడిదరంగువి. ముక్కు ప్రక్కనుండి చూచిన గొడ్డలివలె వెడల్పుగాను, ఎదుటినుండి చూచిన కత్తివలె సన్నముగాను ఉంటుంది. లూజాన్, సమర్, లేతే, మిందనావ్ అను 4 దీవులలో తప్ప ప్రపంచమున మరెక్కడను ఈ పక్షి లేదు. ఆ దీవుల అడవులలో పులి లేదు, చిరుత లేదు, అడవిపిల్లి సైతము లేదు. మృగరాజు లేని చోట ఆ సింహాసనము ఈ పక్షికి దక్కినది.

ఇక మొదటి పేరు. జాన్ వైట్‌హెడ్ అను ఆంగ్లేయుడు తూర్పు దీవులలో పక్షులను సేకరిస్తూ తిరిగిన అన్వేషకుడు. బోర్నియోలోని కినబాలు పర్వతప్రాంతమున పనిచేసి పేరు పొందిన తరువాత ఆయన ఫిలిప్పీన్ దీవులకు వచ్చినాడు. 1896లో సమర్ దీవి అడవిలో, చెట్ల చిటారున తిరుగుతున్న ఒక పెద్ద గ్రద్ద ఆయన కంటబడినది. ఆయన సహాయకుడు, ఆ దేశస్థుడైన జువాన్, చివరకు ఒక పక్షిని వేటాడి తెచ్చినాడు. ఆ పక్షి చర్మము లండను చేరినది. బ్రిటిష్ మ్యూజియములో పక్షిశాస్త్రజ్ఞుడైన విలియం రాబర్ట్ ఓగిల్వీ-గ్రాంట్ అదే సంవత్సరము దానిని వర్ణించి, పిథెకోఫాగా జెఫెరీ అని నామకరణము చేసినాడు. మొదటి మాటకు గ్రీకు భాషలో కోతులను తినునది అని అర్థము. రెండవది వైట్‌హెడ్ తండ్రియైన జెఫరీ పేరు. కుమారుని యాత్రకు ధనసహాయము చేసిన తండ్రికి అది కృతజ్ఞతా చిహ్నము. వైట్‌హెడ్ ఆ తరువాత ఎంతో కాలము జీవింపలేదు. 1899లో చైనాకు చెందిన హైనాన్ దీవిలో జ్వరముపాలై మరణించినాడు.

ఆ పేరును కొంచెము విప్పి చూతము. కోతులను తినునది అను సగము సమర్ పల్లెవాసులు చెప్పగా విన్న మాట. తక్కిన సగము సముద్రములకు ఆవల ఇంగ్లండులోనున్న ఒక పెద్దమనిషి పేరు. పక్షి ఏమి తింటుందో, ఎట్లు గూడు కడుతుందో, ఎన్ని పిల్లలను కంటుందో తెలియకముందే పేరు మాత్రము స్థిరపడిపోయినది. సరిగా అదే సంవత్సరము, 1896లో, ఫిలిప్పీన్ ప్రజలు స్పెయిన్ పాలనమీద తిరుగుబాటు లేవదీసినారు. 1898లో స్పెయిన్ పోయి అమెరికా వచ్చినది. స్వాతంత్ర్యము వచ్చినది 1946లో. దేశము చేతులు మారినను పక్షికి మాత్రము లండనులో పెట్టిన పేరే నిలిచినది. కోతులను తిను గ్రద్ద అని ప్రపంచమంతయు పిలిచినది. ఆ దీవుల జనులకు బనోగ్ అను సొంత మాట ఉన్నది. పెద్ద గ్రద్దలను వారు ఆ మాటతో పిలుచుకొంటారు. పుస్తకములలో దానికి తావు దొరకలేదు.

నిజమునకు ఈ పక్షి ఏమి తింటుంది? మిందనావ్ దీవిలో గూళ్ల దగ్గర కూర్చుండి పరిశీలించిన వారికి తెలిసినదేమనగా, అక్కడ దీనికి ముఖ్యాహారము కోతి కాదు. కాగ్వాంగ్ అను ఒక విచిత్రమైన జంతువు. పిల్లికన్న కొంచెము చిన్నదై, మెడనుండి తోకవరకు కాళ్లను కలుపుతూ దుప్పటివంటి చర్మపు పొర ఉండి, చెట్టునుండి చెట్టునకు గాలిలో జారుతూ పోవు జీవి అది. రాత్రివేళ తిరిగి, పగలు మ్రాను కరచుకొని నిశ్చలముగా ఉంటుంది. ఆ నిశ్చలత్వమును గ్రద్ద కన్ను పసిగడుతుంది. పునుగుపిల్లులు, ఎగిరే ఉడుతలు, ఉడుములు, పాములు కూడ దీని భోజనములోనివే. లూజాన్ దీవిలో కాగ్వాంగ్ లేదు గనుక అక్కడ పెద్ద చెట్టు ఎలుకలను పట్టుకొంటుంది. కోతులను తినదని కాదు, తింటుంది. ఒక్కొక్కప్పుడు జంట పక్షులు కలసి వేటాడుతవని, ఒకటి కోతుల మందను తనవైపు చూచునట్లు చేయగా రెండవది వెనుకనుండి వచ్చి పడుతుందని చూచినవారు వ్రాసినారు. కాని భోజనములో ఒక పదార్థమును పట్టుకొని మనిషికి పేరు పెట్టినచో ఎట్లుంటుందో, ఈ పేరు కూడ అట్లే ఉన్నది.

సంతానము విషయము ఇంతకన్న ముఖ్యమైనది. లవాన్ మొదలైన మహావృక్షములు ఆ అడవులలో తక్కిన చెట్లను మించి పైకి లేచి నిలుస్తవి. వాని పైకొమ్మల పంగలలో, ఫెరన్ మొక్కలు గుబురుగా పెరిగిన చోట, నేలకు సుమారు 30 మీటర్ల ఎత్తున గూడు ఉంటుంది. ఆడపక్షి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. తల్లిదండ్రులు రెండును వంతుల వారీగా సుమారు 2 నెలలు పొదుగుతవి. పిల్ల 4, 5 నెలలకు గూటినుండి రెక్క విప్పుతుంది. కాని వేట నేర్చి స్వతంత్రముగా బ్రతుకుటకు మరియొక సంవత్సరమో, అంతకన్న ఎక్కువయో పడుతుంది. అంతవరకు తల్లిదండ్రులు మరొక గుడ్డు జోలికి పోవు. అనగా 2 సంవత్సరములకు 1 పిల్ల. ఆ పిల్ల ఈడేరి తాను గూడు కట్టుటకు 5 మొదలు 7 సంవత్సరములు కావలెను.

మన పెరటి కోడిపెట్ట 21 దినములు పొదిగి, ఒక్కసారిగా పదిపన్నెండు పిల్లలతో దిగుతుంది. రెండు పిల్లలను గ్రద్ద ఎత్తుకొనిపోయినను మరుసటి విడత ఆ నష్టము తీరుతుంది. గ్రద్ద లెక్క అట్లు కాదు. ఒక జంట 20 సంవత్సరములు ఏ ఆటంకము లేక గూడు కట్టినను పుట్టునది 10 పిల్లలు మాత్రమే. వానిలో ఈడేరునవి కొన్నియే. అట్టి జంటలో ఒక పక్షి తూటా దెబ్బకు కూలినచో పోయినది ఒక పక్షి కాదు. ఆ జంట రాబోవు సంవత్సరములలో పెంచవలసిన సంతానమంతయు పోయినది. ప్రకృతి ఈ పక్షికి శత్రువును పెట్టలేదు. కనుక దానికి అధిక సంతానమును కూడ ఇవ్వలేదు. తుపాకి వచ్చునని ప్రకృతి ఎరుగదు.

తుపాకికన్న పెద్ద శత్రువు గొడ్డలి. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున ఫిలిప్పీన్ భూభాగములో సుమారు 70 శాతము అడవి. నేడు మిగిలినది సుమారు నాలుగవ వంతు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత లవాన్ కలపకు లోకములో గొప్ప గిరాకి ఏర్పడినది. ఫిలిప్పీన్ మహాగని అను వ్యాపారనామముతో ఆ దుంగలు జపానుకు, అమెరికాకు ఓడలమీద తరలిపోయినవి. 1960 తరువాతి దశాబ్దములో ఉష్ణమండలపు కలపను ఎగుమతి చేయు దేశములలో ఫిలిప్పీన్స్ ముందు వరుసలో నిలిచినది. కలప వ్యాపారులు వేసిన బాటలు ఉండనే ఉన్నవి. ఆ బాటలవెంట భూమిలేని పేదలు అడవిలోనికి వచ్చి, మిగిలిన చెట్లను కాల్చి, జొన్నలో మొక్కజొన్నలో చల్లుకొని బ్రతుకసాగినారు. గూడు కట్టు చెట్టే వ్యాపారి కోరిన చెట్టు. ఇట్లు పక్షికి గూడు పోయినది, వేట పోయినది; మిగిలిన తోపుల అంచున మనిషి కోడి, మేక దానికి ఎదురైనవి. పట్టణములలో ధనికుల ఇండ్లలో కూరిన గ్రద్ద బొమ్మ ఒక గౌరవచిహ్నమైనది.

ఈ నాశనమును గూర్చి మొదట బిగ్గరగా హెచ్చరించినవారిలో దియోస్కోరో రాబోర్ ముఖ్యుడు. ఆయన ఫిలిప్పీన్ దేశపు జంతుశాస్త్రజ్ఞుడు; దీవి దీవికి తిరిగి జీవులను పరిశీలించినవాడు. 1965లో బ్యాంకాక్ నగరములో ఆగ్నేయాసియా ప్రకృతి సంరక్షణను గూర్చి జరిగిన మహాసభలో ఈ గ్రద్ద దుస్థితిని లోకమునకు తెలిపినాడు. ఆ తరువాత మరొక ప్రసిద్ధ పురుషుడు ఈ పనిలో చేయి కలిపినాడు. 1927లో ఒంటరిగా, మధ్యలో ఎక్కడను దిగక, అట్లాంటిక్ మహాసముద్రమును విమానముపై దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ ఆయన. ఆకాశమును జయించినవాడు ముదిమిలో ఆకాశపు పక్షికొరకు ఆ దీవులలో తిరిగినాడు. 1970లో ఫిలిప్పీన్ శాసనసభ 6147వ సంఖ్యగల చట్టమును చేసి ఈ గ్రద్దను రక్షిత పక్షిగా ప్రకటించినది. 1972లో హరిబోన్ అను సంస్థ వెలసినది. హరి అనగా వారి భాషలో రాజు, ఇబోన్ అనగా పక్షి. రెండు మాటలు కలసి పక్షిరాజు. మన గరుత్మంతుని బిరుదే అక్కడ కూడ వినబడుట ఎంత చిత్రము!

అదే కాలమున రాబర్ట్ కెనడీ అను అమెరికను శాస్త్రజ్ఞుడు మిందనావ్ అడవులలో ఈ పక్షి జీవితమును శ్రద్ధగా పరిశీలించి 1977లో తన ఫలితములను ప్రకటించినాడు. కోతులను తిను గ్రద్ద అను పేరు సరికాదని వాదించినవారిలో ఆయన ఒకడు. 1978లో దేశాధ్యక్షుని ప్రకటనద్వారా ఆ పక్షి పేరు ఫిలిప్పీన్ గ్రద్ద అయినది. ఇది చిన్న మార్పు కాదు. తిండినిబట్టి పెట్టిన పేరులో ఒక తిరస్కారమున్నది. దేశమునుబట్టి పెట్టిన పేరులో ఒక బాధ్యత ఉన్నది. 1995లో అధ్యక్షుడు ఫిదేల్ రామోస్ దానిని జాతీయ పక్షిగా ప్రకటించినాడు. అంతకుముందు ఆ గౌరవము మాయా అను చిన్న పిట్టది.

పేర్ల విషయములో శాస్త్రము కూడ ఒక వింత చూపినది. హార్పీ గ్రద్దకును దీనికిని రూపములో పోలిక ఉన్నందున ఈ రెండును దగ్గరి చుట్టములని చాలకాలము పండితులు భావించినారు. 2005లో వెలువడిన డి.ఎన్.ఎ. పరిశోధన వేరు మాట చెప్పినది. ఫిలిప్పీన్ గ్రద్ద నిజమైన బంధువులు పాములను పట్టు గ్రద్దలు. చెట్లమీద వేటాడు జీవనము ఒకటగుటచే రెండు వేరు వంశముల పక్షులు ఒకే అచ్చున పోసినట్లు తయారైనవి. మన నల్లమల అడవులలో, తూర్పు కనుమలలో కేక వేస్తూ తిరుగు పాముల గ్రద్ద ఆ వంశములోనిదే. నాగులకు ఆగర్భశత్రువని గరుత్మంతుని వర్ణించిన మన పూర్వులకు ఈ సంగతి తెలిసినచో ఎంత సంతోషించి ఉండెడివారో!

ఇంతవరకు జాతికి పెట్టిన పేర్లు. ఇక ఒక్కొక్క పక్షికి పెట్టిన పేర్లు. మిందనావ్ దీవిలోని దవావ్ నగరమునకు చేరువగా మలగోస్ అను చోట ఒక గ్రద్దల కేంద్రమున్నది. 1987లో ఏర్పడిన ఫిలిప్పీన్ ఈగిల్ ఫౌండేషన్ దానిని నడుపుతున్నది. గాయపడిన పక్షులకు, బంధింపబడిన పక్షులకు అది చికిత్సాలయము, ఆశ్రయము. అక్కడ 1992 జనవరి 15వ తేదీన, అనేక సంవత్సరముల ప్రయత్నము తరువాత, కృత్రిమ గర్భధారణ పద్ధతిని ఒక పిల్ల గుడ్డు చీల్చుకొని వచ్చినది. దానికి పగ్-ఆసా అని పేరు పెట్టినారు. ఆ మాటకు ఆశ అని అర్థము. మనుష్యుల చేతిలో పెరిగిన పక్షి గనుక అది మనుష్యునే తన జంటగా ఎంచుకొన్నది. పాలకుడు సంవత్సరముల తరబడి ఓపికతో దానికి తోడు నటించి పోషించవలసివచ్చినది. 2013లో దానికి ఒక సంతానము కలిగినది. 2021 జనవరిలో, ఇంచుమించు 29 సంవత్సరముల వయస్సున, పగ్-ఆసా వ్యాధితో మరణించినది. 1992 మొదలు ఆ కేంద్రములో పుట్టిన పిల్లలు సుమారు 30. అనగా ఎంతటి దీక్ష ఉన్నను సంవత్సరమునకు ఒకటి. అడవి చేయవలసిన పనిని పంజరము చేయుట ఎంత కష్టమో ఈ లెక్కయే చెబుతున్నది.

పంజరములో పుట్టిన పక్షిని అడవికి అప్పగించు ప్రయత్నము 2004 ఏప్రిల్‌లో జరిగినది. ఆ పక్షి పేరు కబయాన్, మన దేశస్థుడు అని అర్థము. అపో పర్వత ప్రాంతమున విడిచినారు. 9 నెలలు అది అడవిలో బ్రతికినది. 2005 జనవరిలో ఒక విద్యుత్ స్తంభముమీద వ్రాలి, విద్యుద్ఘాతముతో మరణించినది. చెట్టునకును స్తంభమునకును భేదము దానికి ఎవరు చెప్పగలరు? 2008 మార్చిలో, చికిత్స పొంది కోలుకొన్న కగ్సబువా అను పక్షిని కితంగ్లాద్ కొండలలో విడిచినారు. 4 నెలలలో ఒక రైతు దానిని కాల్చి, వండుకొని తిన్నాడు. న్యాయస్థానము అతనికి శిక్ష విధించినది. 2015 జూన్ 12వ తేదీ ఫిలిప్పీన్ స్వాతంత్ర్య దినోత్సవము. ఆనాడు హమిగీతాన్ పర్వతమున పమానా అను ఆడపక్షిని విడిచినారు. పమానా అనగా వారసత్వ సంపద. అంతకు 3 సంవత్సరముల ముందు తుపాకి గాయముతో దొరికిన పక్షి అది. దాని వీపుమీద చిన్న రేడియో పరికరమును అమర్చినారు. 2 నెలలు గడచిన పిమ్మట ఆ రేడియో పక్షిలో కదలిక లేదను సంకేతమును పంపినది. వెదకుచు పోయినవారికి ఒక వాగు ప్రక్కన పమానా కళేబరము కనబడినది. రొమ్మున తూటా గాయమున్నది.

మన ఇండ్లలో రేడియో సంగీతమును, వార్తలను మోసుకొని వస్తుంది. ఆనాడు ఆ అడవిలో రేడియో మోసుకొనివచ్చిన వార్త ఎట్టిదో శ్రోతలు ఆలోచింతురుగాక. ఆశ, దేశస్థుడు, వారసత్వ సంపద: ఇంతకన్న గొప్ప పేర్లు పక్షులకు పెట్టలేము. జాతీయ పక్షి అను ప్రకటన ఉన్నది. 2001లో వచ్చిన వన్యప్రాణి చట్టము ప్రకారము ఇట్టి అరుదైన ప్రాణిని చంపినవారికి 6 మొదలు 12 సంవత్సరముల చెరసాల, 1 లక్ష మొదలు 10 లక్షల పెసోల జరిమానా. అయినను తుపాకి పేలినది. కొండవాలున పొలము దున్నుకొను నిరుపేదకు, రాజధానిలో వ్రాసిన చట్టము చదువుటకు తీరికలేదు. తన కోడిని ఎత్తుకొనిపోవు రెక్కల నీడయే అతనికి తెలిసిన సంగతి. ఆ పక్షి వలన అతనికి నష్టమే తప్ప లాభము లేనంతకాలము, చట్టమునకు అతని గుడిసెవరకు నడిచి వచ్చు బలము చాలదు.

లేతే దీవి కథ కూడ చెప్పవలె. 2013 నవంబరులో మహాతుఫాను ఆ దీవిని తాకి, వేలాది మనుష్యులను బలిగొని, అడవులను నేలమట్టము చేసినది. ఆ తరువాత అక్కడ గ్రద్ద జాడ దొరకలేదు. 2024 జూన్‌లో మిందనావ్‌నుండి తెచ్చిన 2 పక్షులను ఆ దీవిలో విడిచి, పోయిన వంశమును తిరిగి నిలుపుటకు పూనుకొన్నారు. కొలది వారములకే వానిలో ఒకటి సముద్రముపాలైనది. ఇట్టి ప్రయత్నములు ఒక్కనాటితో ఫలించునవి కావు.

ఇప్పుడు ఈ పక్షులు ఎన్ని ఉన్నవి? 2003లో వెలువడిన ఒక పరిశీలన, ఒక్కొక్క జంటకు సుమారు 133 చదరపు కిలోమీటర్ల మేర కావలెనని తేల్చి, మిందనావ్ దీవిలో 82 మొదలు 233 జంటలు ఉండవచ్చునని అంచనా వేసినది. 2023లో ఉపగ్రహ చిత్రముల సహాయముతో చేసిన గణన అన్ని దీవులలో కలిపి సుమారు 392 జంటలని చెప్పినది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి పక్షులు పెరిగినవని సంతోషించుట తప్పు. మొదటిది ఒక దీవి లెక్క, రెండవది అన్ని దీవులది; లెక్కించు పద్ధతులు కూడ వేరు. 392 జంటలనగా 784 పక్షులు. ఒక దేశపు జాతీయ పక్షులన్నియు మన పల్లెలలో ఒక మోస్తరు ఊరి జనాభాకు సరిపోవు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని మిక్కిలి ప్రమాదస్థితిలోనున్న జీవులలో చేర్చినది.

ఇక చివరి పేరు. చిత్రమేమనగా ఇది పుస్తకములో పుట్టినది కాదు, రాజధానిలో పుట్టినది కాదు. దవావ్ కొండలలో ఓబు మనువు అను ఆదిమజాతి జనులున్నారు. వంశపారంపర్యముగా వచ్చి, కాపాడి తరువాతి తరమునకు అందింపవలసిన పవిత్రమైన సొత్తును వారు పుసాకా అంటారు. ఆ జాతి పెద్దలు ఈ గ్రద్దను కూడ తమ పుసాకాలలో ఒకటిగా ఎంచినారు. పుసాకాకు హాని చేసినవాడు పెద్దల ఎదుట తమ సంప్రదాయము ప్రకారము జవాబు చెప్పుకొనవలె. ఆ జాతుల యువకులే బంతాయ్ బుకిద్ అను పేరుతో అడవి కావలివారై, కొండలలో తిరిగి ఉచ్చులను తొలగించి, గూళ్లున్న చెట్లను కనిపెట్టి ఉంటున్నారు. ఆ పనికి వారికి ప్రతిఫలము లభిస్తున్నది. గూడు నిలిచినచో ఆ ఊరికి కొంత సహాయము అందు ఏర్పాట్లు కూడ చేసినారు. అనగా అడవి అంచున నివసించు మనిషి గ్రద్దను చూచినప్పుడు అతనికి నష్టము మాత్రమే కాక తన సొత్తు కూడ కనబడుటకు మార్గమేర్పడినది.

ఇప్పుడు మనము మొదట వేసికొన్న ప్రశ్నకు తిరిగి వచ్చినాము. పేరు మారినంత మాత్రమున పక్షి బ్రతుకు మారినదా? లేదు. లండను పెట్టిన పేరు దానికి కీర్తి తెచ్చినది, వెంటనే సేకరణకర్తల తుపాకులను కూడ తెచ్చినది. రాజధాని పెట్టిన పేరు గౌరవము తెచ్చినది, గూడు కట్టుటకు చెట్టును తేలేదు. ఆశ అని, వారసత్వమని పెట్టిన పేర్లు మన హృదయములను కదిలించినవి, తూటాను ఆపలేదు. చెట్టు క్రింద కాపురమున్న మనిషి తన నోటితో, తన ఇష్టముతో పెట్టిన పేరుకు మాత్రము ఆ శక్తి ఉన్నట్లు కనబడుతున్నది; ఏలయనగా ఆ పేరుతోబాటు కాపలా కూడ వస్తున్నది.

2 సంవత్సరములకు 1 గుడ్డు పెట్టు పక్షికి మనము చేయగలిగిన సహాయమేమి? తొందరింపలేము. మరొక గుడ్డు పెట్టుమని అడుగలేము. అది గూడు కట్టిన మహావృక్షమును నరకకుండ, ఆ రెండు సంవత్సరములు దానిని దాని మానాన విడిచిపెట్టగలము. వినత తన రెండవ గుడ్డును తొందరపడి చితుకగొట్టక 500 సంవత్సరములు ఓర్చినందున గరుత్మంతుడు సర్వాంగసంపూర్ణుడై పుట్టినాడని మహాభారత కథ. మొదటి గుడ్డును తొందరపడి పగులగొట్టినందున అనూరుడు తొడలు లేక పుట్టినాడు. ఆ కథ చెప్పిన పెద్దలకు ఫిలిప్పీన్ అడవులు తెలియవు. కాని పక్షిరాజు పుట్టుటకు ఓర్పు కావలెనను రహస్యము వారికి తెలుసును. ఆ ఓర్పు నేడు పక్షికి ఉన్నది. మనుష్యునికి కూడ కలుగవలె.